ఆవు వాకిట్లో ఉండగా

పోయిన వారం మనం జానకీదేవిని కూలిన పోర్టికో ముందు పట్టుచీరతో నిలబెట్టి వచ్చేశాం. రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ అదో సుఖం, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఆవిడకి ఆ వీలు లేదు. పట్టుచీర మార్చుకుని, పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చి, అంట్లు తోముకుని, మళ్ళీ అదే కిటికీలోంచి అదే కాంక్రీటు కుప్పని చూస్తూ ఉండాలి.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. బుల్లిబాబు భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగం మీద వచ్చి నాగారంలో స్థిరపడ్డ మనిషి. ఇల్లు భార్య జానకీదేవి పేరున కొన్నాడు. ఆ ఇంటి మీద ఓ అంతస్తు లేపి అద్దెకిద్దామని, కింద పోర్టికోని వీధివైపు పెంచి శ్లాబు పోయించాడు. శ్లాబు ఇంకా పూర్తిగా ఆరనే లేదు. ఇంతలో మూఢం వచ్చేస్తోందని పంచాంగం చెప్పింది. మూఢం వెనకే ఆషాఢం. ఇప్పుడు పాలు పొంగించకపోతే శ్రావణం దాకా పై వాటాకి తాళం వేసుకుని కూర్చోవాలి. సిమెంటుకి మూఢాలూ ముహూర్తాలూ తెలియవని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. గృహప్రవేశం పెట్టేసుకున్నారు. ఆవుని లోపలికి నడిపించబోయే వేళకి పోర్టికో శ్లాబు కూలింది. దాని కింద కూలిపని చేసే బక్కయ్య చిక్కుకున్నాడు. ప్రాణం దక్కింది. కాలే నుజ్జయింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఆ పొద్దున జానకీదేవి కుదురుగా ఒక్కచోట కూర్చోలేకపోయింది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. స్టవ్ వెలిగించి, ఎందుకు వెలిగించిందో గుర్తురాక ఆర్పేసింది. ఇల్లంతా సిమెంటు దుమ్ము. ఎన్నిసార్లు తుడిచినా కాళ్ళకి గరగర తగులుతూనే ఉంది. ఎండ అప్పుడే మండిపోతోంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది.

హాల్లో ఆవిడ తమ్ముడు హేమచంద్ కూర్చుని ఉన్నాడు. సికింద్రాబాదు కోర్టులో వకీలు. కబురు తెలిసిన దగ్గర్నుంచీ రోజూ స్కూటరు వేసుకుని వస్తున్నాడు. అతనికి ఎదురుగా బుల్లిబాబు పేపరుతో విసురుకుంటున్నాడు.

"ఎన్నిసార్లని చెప్పనయ్యా! మేస్త్రీకి కాంట్రాక్టు ఇచ్చేశాం. మనుషులు వాడివాళ్ళు, శ్లాబు కింద నిలబెట్టిన కర్రలు వాడివి, కట్టింది వాడు. కూలితే మాదెలా అవుతుంది?" అన్నాడు బుల్లిబాబు.

"కట్టించుకునేవాళ్ళందరూ అలాగే అంటారు బావా," అన్నాడు హేమచంద్. "పంచాయతీ వాళ్ళు పర్మిషన్ ఇచ్చింది కింది ఇంటికి. పైకి ఇవ్వలేదు, మీరు అడగలేదు. పోర్టికో వీధివైపు జరిపారు, దానికీ అడగలేదు. ఒక్క ఇంజనీరైనా వచ్చి చూశాడా? లేదు. ఇల్లు ఎవరిదో జాగ్రత్త కూడా వాళ్ళదే. అక్కడ పనిచేసే మనిషికి ఏమన్నా అయితే, అంతా మేస్త్రీకి అప్పజెప్పేశాం అంటే చెల్లదు. నష్టపరిహారం మన మీదకొస్తుంది. దాని పైన నిర్లక్ష్యం కేసు."

"మన మీదకి అంటే?"

"అక్క మీదకి. ఇల్లు అక్క పేరున ఉంది కదా."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ జానకీదేవి ఆ మాట విని కొంగు బిగించుకుంది. భార్య పేరున పెడితే కలిసొస్తుందని ఎవరో చెబితే ఆ రోజు ఎంత సంబరంగా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళిందని! ఇంటితో పాటు ఇవన్నీ కూడా తన పేరునే రాసుకుంటున్నట్టు అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

"అయితే ఏం చెయ్యమంటావు?" అన్నాడు బుల్లిబాబు.

హేమచంద్ అక్క వైపు చూడకుండా మాట్లాడాడు. "తాగి ఉన్నవాడు, వద్దన్న పని చేసి కాలు విరగ్గొట్టుకుంటే యజమాని పరిహారం ఇవ్వక్కర్లేదు. ఆ మాట చట్టంలోనే ఉంది. బక్కయ్య పొద్దున్నే కల్లు తాగి వచ్చాడు, ఎవరూ చెప్పకుండానే కర్రలు లాగేశాడు. అంతే. యాదయ్య మేస్త్రీ కూడా అదే చెప్తానన్నాడు. బక్కయ్య కూడా ఎవరి పేరూ చెప్పడం లేదు. ఇవాళ హెడ్ కానిస్టేబుల్ వస్తాడు. ఇంటి యజమానిగా అక్క ఆ ఒక్క మాట అంటే చాలు."

చట్టం చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. మన బాధ్యతలేమిటో ఏ నోటితో చెబుతారో, వాటిని ఎలా వదిలించుకోవాలో కూడా ఆ నోటితోనే చెబుతారు. హేమచంద్ చెడ్డవాడు కాదు. అక్క కోర్టు మెట్లెక్కకూడదు, అంతే అతని తాపత్రయం.

"బక్కయ్య కాలు ఎలా ఉందటరా?" అని అడిగింది జానకీదేవి.

ఇద్దరూ జవాబు చెప్పలేదు. హెడ్ కానిస్టేబుల్ని మనమే తీసుకొస్తే మర్యాదగా ఉంటుందని బుల్లిబాబు లేచాడు. ముందు గుమ్మం ఇంకా మూసుకుపోయే ఉంది కాబట్టి ఇద్దరూ పెరటి వైపు నుంచి బయటపడి స్కూటరెక్కారు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడకి ఇల్లు మరీ ఇరుకుగా అనిపించింది.

మనకిప్పుడు ఒక సంగతి తెలియాలి. ఇది బుల్లిబాబుకి తెలియదని జానకీదేవి నమ్మకం. హేమచంద్‌కి తెలియదు. ఆ రోజు పోర్టికో కింద కర్రల్లో చాలామటుకు ముందు రోజే తీసేసి ఉన్నాయి. మేస్త్రీ చూసుకునే తీసి ఉంటాడులే అనుకుంది ఆవిడ. నడవ మధ్యలో రెండు మాత్రం మిగిలాయి. వీధిలో సన్నాయి మోగుతోంది, ఆవు గేటు దాకా వచ్చేసింది, పంతులుగారు తొందర పెడుతున్నారు. ఆవు నడిచే దారికి ఆ రెండూ అడ్డం. అప్పుడు బక్కయ్య ఓ పక్కన నిలబడి ఉంటే అతన్ని పిలిచి, వాటిని తీసెయ్యమన్నది జానకీదేవే. సన్నాయి గోలలో ఇంకెవరూ విన్నట్టు లేదు. ఆ మాటని ఇన్ని రోజులూ కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. అన్నం సహించడం లేదు. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతోంది.

పెరటి తలుపు చప్పుడైంది.

జంగమ్మ. బక్కయ్య భార్య. దేవరయాంజాల్ నుంచి వచ్చింది. ఇల్లు కడుతున్నన్నాళ్ళూ మొగుడి వెంబడే ఇసక మోసిన మనిషే, కానీ గృహప్రవేశం నాడు ద్రాక్షతోటలో కూలికి వెళ్ళిపోవడం వల్ల ఇక్కడ లేదు. చీర నలిగిపోయి ఉంది. ఆసుపత్రి వరండాలోనే ఉంటున్నట్టుంది, కళ్ళు గుంటలు పడ్డాయి.

"రా జంగమ్మా, కూర్చో. ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

"నీళ్ళొద్దమ్మా. నీళ్ళు తాగెతందుకు రాలే." జంగమ్మ గడప బయటే నిలబడింది. "ఒక్క మాట అడిగి పోత. దవాఖానల మా బిడ్డ యమున ఒక్కతే ఉన్నది."

"అడుగు."

"మా ఆయన తాగొచ్చిండని ఎవలు చెప్పిన్రు?"

జానకీదేవి చేతిలో గ్లాసు పక్కన పెట్టబోయి మళ్ళీ పట్టుకుంది. "అదీ... ఎవరో అంటున్నారు."

"ఎవలో అంటె? యాదయ్య అంటుండు. మీ సారు అంటుండంట. కాలనీల పాలువోసేటోడు సుత నన్ను జూసి గదే అన్నడు." జంగమ్మ గొంతు పెంచలేదు. "అమ్మా, ఆ దినం నువ్వు కొత్త బట్టలు వెడ్తనంటివి గద. పనోళ్ళందరికి ధోతులు, చీరెలు తెచ్చిన్నంటివి. ఆయన గా బట్టలు తీసుకునెతందుకు వొచ్చిండు. పొద్దుగాలనే తానం జేసిండు. పెట్టెల నుంచి తెల్లంగి తీసి తొడుక్కున్నడు. బొట్టు వెట్టుకున్నడు. గట్ల వచ్చెటోడు తాగొస్తడా? కల్లు తాగడని నేను అంటలేను. తాగుతడు. పనైనంక తాగుతడు. పూజ ఉన్నింటికి తాగి పోయెటోడు గాదు."

జానకీదేవికి ఆ తెల్లచొక్కా గుర్తుంది. ఆ పొద్దున బక్కయ్యని చూసి, ఎప్పుడూ సున్నం మరకల్లో కనిపించే మనిషి ఎంత బాగున్నాడో అనుకుంది కూడా.

"ఆయన ఏమంటున్నాడు?" అంది మెల్లగా.

"గదే నా పరేషాను. ఎవ్వలు చెప్పకుంటనే నేనే తీసిన అంటడు. ఎన్నిసార్లు అడిగినా గదే మాట. నేను ఆ మనిషితోటి ఇన్నేండ్లు కాపురం జేసిన్నమ్మా. చెప్పకుంటె ఇంట్ల చెంబు సుత ఈడికెల్లి తీసి ఆడ వెట్టడు. గసొంటోడు మీ ఇంటి కర్రలు ఎందుకు ముడ్తడు?"

"జంగమ్మా..."

"యాదయ్య వొచ్చి ఆయన చెవుల ఏదో చెప్పి పోయిండు. ఇంటి మాలకన్ పేరు తీస్తె దవాఖాన ఖర్చులకు ఎవలు దిక్కని చెప్పిండేమో. రేపట్నుంచి పనికెవలు పిలుస్తరని చెప్పిండేమో. నాకు తెల్వదు." జంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇయ్యాల మాపటికి కాలు తీస్తరంట. మోకాలు కిందికి. డాక్టరు చెప్పిండు."

కాలు పోతుందని జానకీదేవికి ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని చెప్పలేదో, అడిగినా దాటేసింది ఇందుకేనో. మొత్తానికి ఆ ఇంట్లో మగవాళ్ళిద్దరికీ తెలిసే ఉండాలి.

"కాలు తెచ్చియ్యమని అడుగుతలేను," అంది జంగమ్మ. "అది ఎట్లన్న పోతది. కాని కాలు పోయి, దాని మీద తాగుబోతోడని పేరు వడితె, ఆ మనిషి ఇగ బతుకడు. పనియ్యరు. సర్కారు ఇచ్చేదుంటె అది సుత రాదంటున్నరు. గందుకే వొచ్చిన. ఎవలు తీయమన్నరో చెప్పు. నువ్వు ఆడనే ఉన్నవ్ గద."

ఇలాంటప్పుడు మనుషులు ఏం చేస్తారో మనకి తెలుసు. తెలియదంటారు. ఆ గొడవలో చూడలేదంటారు. జానకీదేవి నోటికి ఆ మాట వచ్చింది కూడా. నాకు తెలియదు జంగమ్మా అని అనేస్తే సరిపోయేది. జంగమ్మ వెళ్ళిపోయేది. కానీ గడప అవతల అలా నిలబడ్డ మనిషిని చూస్తూ ఆ అబద్ధం బయటికి రాలేదు.

"నేనే," అంది.

జంగమ్మకి అర్థం కాలేదు. "ఏంది?"

"తీయమన్నది నేనే."

తిడుతుందేమోనని, ఏడుస్తుందేమోనని జానకీదేవి ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఏమన్నవ్? అప్పుడు ఎట్లన్నవో గట్లనే అను."

"ఎందుకు జంగమ్మా ఇప్పుడు..."

"అనమ్మా. నేను ఇనాలె."

"బక్కయ్యా, ఆవొచ్చేస్తోంది, ఆ రెండు కర్రలూ అడ్డంగా ఉన్నాయి, తీసెయ్యి నాయనా. అంతే అన్నాను."

"నాయనా అన్నవా?"

"అన్నాను."

"గట్లంటె తీస్తడు," అంది జంగమ్మ. అని గడప మీద కూలబడిపోయింది. మళ్ళీ తలెత్తింది. "గీ మాట పోలీసాయనకు చెప్తవా?"

జానకీదేవికి ఒక్కసారిగా అన్నీ కళ్ళముందు మెదిలాయి. స్టేషను, కోర్టు, కాలనీలో ఆడవాళ్ళు, హేమచంద్ ముఖం. ఈ ఇల్లు ఉంటుందో ఊడుతుందో. ఇంత భయంలోనూ, ఆ మాట బయటికి వచ్చేశాక, ఇన్ని రోజుల్లో మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

"చెప్తాను," అంది.

అప్పుడే పెరట్లో స్కూటరూ దాని వెనకాల మోటారుసైకిలూ ఆగిన చప్పుడైంది.

హెడ్ కానిస్టేబుల్ లక్ష్మణ్ నడివయసు మనిషి. ఎండకి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గడప మీద జంగమ్మని చూసి బుల్లిబాబు ముఖం చిట్లించాడు. హేమచంద్ అక్కకి కళ్ళతోనే సైగ చేశాడు, మనం అనుకున్నదే అని.

"ఇంటి ఓనరు మీరేనా మేడం?" అన్నాడు లక్ష్మణ్, బుల్లిబాబు వేసిన కుర్చీలో కూర్చుంటూ.

"నేనేనండి."

"ఆ దినం ఏం జరిగిందో చెప్పుండ్రి. సారు దార్ల చెప్పిండు, ఎవ్వలు తీయమనకుంటనే ఆ కూలాయన తాగి తీసిండని. గంతేనా?"

"కాదండి. ఆయన తాగలేదు. తీయమని చెప్పింది నేను."

"అక్కా!" అన్నాడు హేమచంద్. లేచి నిలబడ్డాడు. "సార్, మా అక్కకి నాలుగు రోజులుగా నిద్ర లేదు. ఏం మాట్లాడుతోందో తనకే..."

"నాకు తెలుసురా. నువ్వు కూర్చో."

లక్ష్మణ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు. ఈలోగా బుల్లిబాబు గొంతు వినిపించింది.

"ఆవిడ కాదండి. బాధ్యత నాది. నా మాట మీదే జరిగింది."

"గిదేంది సార్?" అన్నాడు లక్ష్మణ్ విసుగ్గా. "ఇందాకటి దాక ఎవ్వలు చెప్పలేదంటిరి. గిప్పుడు ఇద్దరు నేనంటె నేనంటున్నరు. ఎవలిది నమ్మాలె నేను?"

జానకీదేవి భర్త వైపు చూసింది. ఆవిడ మనసు కరిగిపోయిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పాలవాడితో గొడవైనా నువ్వు మాట్లాడంటూ వెనక్కి తగ్గే మనిషి. ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగం, కేసు పడితే సస్పెండు చేస్తారు. అయినా తన భార్యని స్టేషనుకి పంపలేక తెగించి ముందుకొచ్చాడు. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా కోసం మీరు అబద్ధం చెప్పకండి," అంది మెత్తగా. "ఆ మాట అన్నది నేను. మీకు తెలీదు."

బుల్లిబాబు తల ఎత్తలేదు. "నీ కోసం కాదు జానకీ. అబద్ధమూ కాదు."

"మరి?"

"ముందు రోజు సాయంత్రం యాదయ్య వచ్చేడు. గండిమైసమ్మ దగ్గర ఇంకో శ్లాబు ఒప్పుకున్నాడు, కర్రలు చాల్లేదట. ఇక్కడివి పట్టుకుపోతానన్నాడు. నాక్కూడా, మర్నాడు ఆఫీసువాళ్ళంతా వస్తారు, పోర్టికో నిండా కర్రలుంటే ఏం బాగుంటుంది అనిపించింది. పట్టుకెళ్ళమన్నాను." అతను పెదాలు తడుపుకున్నాడు. "మధ్యలో రెండు వదిలేశాడు. ఈ రెండూ ఎవరినీ ముట్టనివ్వొద్దు సారూ, బరువంతా వీటి మీదే ఉంది, పచ్చి శ్లాబు అని చెప్పి మరీ వెళ్ళేడు."

కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

"నాతో చెప్పలేదేం?" అంది జానకీదేవి.

"చెప్తే నువ్వు ముహూర్తం మానేద్దామంటావు. నాకు తెలుసు నీ సంగతి. మూఢం వచ్చేస్తే మళ్ళీ శ్రావణం దాకా... ఒక్క పూట ఎలాగోలా గడిచిపోతే మర్నాడు మళ్ళీ కర్రలు పెట్టించేద్దామనుకున్నాను."

ఇన్ని రోజులూ తను ఒక్క మాట కోసం కుమిలిపోతుంటే, ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషికి ఆ మాట కంటే ముందు జరిగింది కూడా తెలుసు. తెలిసే, బక్కయ్య తాగొచ్చాడని తన చేతే చెప్పించాలని చూశాడు. కరిగిన మనసు మళ్ళీ గట్టిపడటానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆవు వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?" అని అడిగింది.

"గేటు దగ్గర."

"నేను బక్కయ్యని పిలిచి తీయమనడం విన్నారా?"

బుల్లిబాబు చేతులు నలుపుకున్నాడు. హేమచంద్, "బావా, ఇంక మీరేం మాట్లాడకండి," అన్నాడు. వకీలుగా అన్నాడో, తమ్ముడిగా అన్నాడో అతనికే తెలియాలి.

"విన్నారా లేదా?"

"విన్నాను."

"మరి వద్దని ఒక్క కేక వెయ్యలేదేం?"

"నోటిదాకా వచ్చింది జానకీ. ప్రమాణం చేసి చెప్తున్నాను. కానీ ఆవు వాకిట్లో ఉండగా ఆగు, వద్దు అన్న మాట నోట రాకూడదని పంతులుగారు ముందే చెప్పేరు. అశుభమన్నారు. అందరూ చూస్తున్నారు. మా ఆఫీసరుగారు పక్కనే ఉన్నారు. ఏమవుతుందిలే, క్షణంలో అయిపోతుందిలే అనుకున్నాను."

లక్ష్మణ్ టోపీ ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. రాసుకోవడం కూడా మర్చిపోయాడు.

అప్పటిదాకా గడప మీద కూర్చున్న జంగమ్మ లేచింది. మొదటిసారి గడప దాటి లోపలికొచ్చి బుల్లిబాబు ముందు నిలబడింది.

"సారూ, నాకొకటి సమజ్ అయితలేదు. ఆవు బాగనే ఉన్నదంట గద?"

"ఆఁ... ఉంది."

"దూడ?"

"అదీ బాగానే ఉంది."

"కర్రలు తీసేటాల్లకు గేటు కాడికి వచ్చింది గద. ఇంకో రెండడుగులు ఏస్తె శ్లాబు కిందికే వొస్తుండె. మరి ఎట్ల ఆగింది?"

బుల్లిబాబు చూపు తన చేతుల మీదకి దిగింది.

"తాడు ఎవలి చేతుల ఉండె?"

జానకీదేవి కళ్ళు మూసుకుంది. ఆ రోజు గేటు దగ్గర, ఆవు మెడలో పసుపు తాడు చివర పట్టుకుని, కొత్త పంచెలో నిలబడ్డ భర్త ఆవిడకి స్పష్టంగా కనిపించాడు.

"నా చేతిలోనే," అన్నాడు బుల్లిబాబు. "కొంచెం... వెనక్కి లాగి పట్టుకున్నాను."

జంగమ్మ అతని చేతుల వంక చూసింది. కొట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"మాపటికి కాలు తీస్తరు," అంది చివరికి. "తీయకముందు గీ మాట ఆయనకు తెల్వాలె. నా నోటితోటి నేను చెప్ప. నువ్వే వొచ్చి, ఆయన ముంగట నిలవడి, ఆవునెట్ల ఆపినవో చెప్పు."

బుల్లిబాబు దిక్కుతోచక భార్య వైపు చూశాడు. ఆవిడ అక్కడ లేదు. పెరటి గుమ్మం దిగి, చెప్పులు వేసుకుని, జంగమ్మ కోసం ఎదురుచూస్తూ ఎండలో నిలబడి ఉంది.